ఆరు బద్దల గేలం కర్ర

సాయంత్రం పూట లొల్ల లాకుల దగ్గరో, గన్నవరం అక్విడెక్టు పక్కనో, అమలాపురం చుట్టుపట్ల ఏ కాలువ గట్టు మీదో కాసేపు నిలబడితే గేలం వేసుకుని కూర్చున్న మనిషి ఒకరైనా కనబడతారు. చేతిలో పది పన్నెండు అడుగుల వెదురు కర్ర. దాని కొసకు ముడేసిన నైలాన్ దారం, దారం మధ్యలో బెండు, అడుగున గేలం, గేలానికి గుచ్చిన ఎర్ర. మన కోనసీమలో పులస గురించి మాట్లాడని ఇల్లుండదు. వలల గురించి, పడవల గురించి కూడా ఎంతో కొంత చెప్పుకుంటాం. ఆ మనిషి చేతిలోని కర్ర గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇవాళ నేను ఆ కర్ర గురించే మాట్లాడతాను.

ఈ వెదురు కర్రకు సముద్రాల అవతల ఒక పెద్ద చరిత్ర ఉంది. దాని మీద పుస్తకాలున్నాయి, మ్యూజియాల్లో అద్దాల బీరువాలున్నాయి, ఒక్కో కర్రకు లక్షల రూపాయలు పోసి కొనేవాళ్ళున్నారు. ఆ చరిత్ర మొదటి అధ్యాయంలో వాడిన వెదురు మన దేశానిది. మన ఏజెన్సీ కొండల మీద పెరిగే జాతే అది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి కాలువ గట్టున కర్ర పట్టుకున్న మనిషిని చూస్తే నాకు గౌరవం పెరిగింది.

ముందుగా ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో చెప్పాలి. చల్లటి కొండవాగుల్లో ఉండే ట్రౌట్, సాల్మన్ లాంటి చేపలు నీటి మీద వాలే ఈగల్ని, పురుగుల్ని తింటాయి. అందుకని కోడి ఈకలు, పట్టు దారం, జంతువుల వెంట్రుకలు కలిపి కొక్కెం మీద ఈగలాంటి బొమ్మ కడతారు. ఇక్కడే చిక్కంతా వస్తుంది. మన గేలానికి ఎర్ర బరువుంటుంది, కొందరు సీసం ముక్క కూడా కడతారు. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈకల ఈగకు బరువే లేదు. దాన్ని ఇరవై గజాల దూరంలో నీటి మీద మెత్తగా వాల్చాలంటే బరువైన దారాన్నే విసరాలి. దారాన్ని తల మీదుగా వెనక్కి, మళ్ళీ ముందుకు ఊపుతుంటే కర్ర విల్లులా వంగి, లేచి, ఆ ఊపును దారంలోకి పంపాలి. అంటే ఆ కర్ర చేపను పైకి లాగే సాధనం ఒక్కటే కాదు, స్ప్రింగు కూడా. మొదట్లో ఎంత గట్టిగా ఉండాలి, నడుము దగ్గర ఎంత వంగాలి, కొస ఎంత సన్నగా ఉండాలి అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

పూర్వం ఇంగ్లండులో ఈ కర్రల్ని యాష్, హికరీ, లాన్స్‌వుడ్, దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న గ్రీన్‌హార్ట్ లాంటి కలపతో చేసేవాళ్ళు. పన్నెండు, పద్నాలుగు అడుగుల పొడవుండేవి. రోజంతా ఊపితే భుజం పడిపోయేంత బరువు. తేలిగ్గా ఉండాలి, విరగకూడదు, వంగినా మళ్ళీ నిటారుగా నిలవాలి. అలాంటిది ఏదీ అని వెతుకుతుంటే కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెదురు కర్రలు వచ్చాయి.

ఆ వెదురుకు అక్కడివాళ్ళు కలకత్తా కేన్ అని పేరు పెట్టుకున్నారు. కలకత్తాలో పెరిగిందని కాదు, ఆ రేవులో ఓడ ఎక్కిందని. అది సాధనపు వెదురు అని చెబుతారు. పాపికొండల్లో, రంపచోడవరం వైపు కొండల్లో, బస్తరు అడవుల్లో విస్తారంగా పెరిగే వెదురు అదే. ఎండ ఎక్కువ, నీరు తక్కువ ఉన్న కొండవాలున పెరిగితే లోపల బోలు దాదాపు పూడిపోయి గట్టి కర్ర అవుతుంది. బ్రిటిషు సైన్యంలో గుర్రపు దళాల బల్లేలకు వాడిన కర్రలు కూడా ఈ జాతివే. మన కోనసీమ ఒండ్రులో, పుష్కలంగా నీరు తాగి పెరిగే ముళ్ళ వెదురు లావుగా, బోలుగా ఉంటుంది. పందిరి రాటకు, నిచ్చెనకు, కొబ్బరి గెలలు దించే గెడకు అది చాలు. మంచి గేలం కర్ర కావాలంటే మాత్రం కొండ వెదురే కావాలని మనవాళ్ళు ఎందుకంటారో దీన్నిబట్టి తెలుస్తుంది. వెదురు కూడా కష్టపడి పెరిగిన చోటే గట్టిపడుతుంది.

ఇంతకీ వెదురులో బలం ఎక్కడుంది? ఒక కర్రను అడ్డంగా రంపంతో కోసి, కోసిన ముఖాన్ని కాస్త గరుకు కాగితంతో రుద్ది చూడండి. పై పెచ్చును ఆనుకుని నల్లటి చుక్కలు కిక్కిరిసి ఉంటాయి. లోపలికి వచ్చేకొద్దీ చుక్కలు పెద్దవై, పలచబడి, లోపలి అంచుకు వచ్చేసరికి మెత్తటి దూదిలాంటి పదార్థమే మిగులుతుంది. ఆ చుక్కలు పీచు కట్టలు. మొక్క నిలబడేది వాటి మీదే. అంటే వెదురు బలమంతా పెచ్చు కిందున్న పలుచటి పొరలో ఉంది. లోపలిది చాలావరకు ఖాళీ జాగా నింపటానికే.

ఈ మాట మన మేదర వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మేదరి కత్తి పెట్టి కర్రను నిలువునా చీల్చి, ఆ బద్దను మళ్ళీ పైపొర, లోపొర అని రెండుగా చీలుస్తాడు. చేటకు అంచు కట్టాలన్నా, ధాన్యం మోసే గంపకు నడుము బిగించాలన్నా పైపొరే వాడతాడు. లోపొరను బరువు పడని చోట అల్లేస్తాడు, లేదంటే పొయ్యిలోకి పోతుంది. కాలువల్లో, బోదెల్లో ప్రవాహానికి ఎదురుగా పెట్టే చేపల మావులకు కూడా పైపొర ఈనెలే కావాలి. నెలల తరబడి నీటిలో నానేది అదే కదా.

అట్లాంటిక్‌కు ఇరువైపులా 19వ శతాబ్దంలో కొందరు పనివాళ్ళు ఈ తెలివిని గేలం కర్ర మీద పెట్టారు. లోపలి మెత్తటి భాగాన్ని తీసేసి, పైపొర బద్దల్ని మాత్రమే ఒకదానికొకటి అంటిస్తే ఎలా ఉంటుంది? 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో చీల్చి అంటించిన వెదురు కర్రలు పెట్టారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్ ఊళ్ళో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడుండేవాడు. వయొలిన్లు కూడా చేసేవాడు. 1845, 1846 ప్రాంతంలో అతను కర్ర కొసల్ని వెదురు బద్దలు అంటించి చేశాడు. అక్కడ పూర్తి వెదురు కర్రల ఒరవడి మొదలైంది అతనితోనే. మూడు, నాలుగు బద్దలతో మొదలై, చివరకు ఆరు బద్దల దగ్గర స్థిరపడింది.

తేదీలు చూస్తుంటే నాకు ఒక విషయం తడుతుంది. ఫిలిప్ ఈస్టన్‌లో వెదురు బద్దలు అంటిస్తున్న రోజుల్లోనే, 1847లో, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర తూము తీసి మధ్య డెల్టాకు నీళ్ళు వదిలాక గౌతమికి, వసిష్ఠకు మధ్యనున్న ఈ లంక భూముల్లోకి పాయలు పాయలుగా కాలువలు వచ్చాయి. లంకకూ లంకకూ మధ్య వైనతేయ అడ్డం వస్తే దాని మీదుగా గన్నవరం అక్విడెక్టు కట్టి రాజోలు వైపుకు నీళ్ళు పంపారు. గోదారి పాయల్లో వల వేసే జాలర్లు ఎప్పటినుంచో ఉన్నారు. గట్టున కూర్చుని గేలం వేసుకునే తీరిక నీళ్ళు ఊరి మధ్యలోకి వచ్చాకే జనానికి దొరికింది. కాలువే ఈ కర్రను ఇంటింటి సామాను చేసిందని నా నమ్మకం.

ఆరు బద్దల పని ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం. ఎందుకంటే ఈ కళ అంతా అక్కడే ఉంది.

మంచి వెదురు కర్రను బద్దలుగా చీలుస్తారు. ఒక్కో బద్దకు కణుపు దగ్గర ఉబ్బు, వంపు ఉంటాయి. దీపం మంట మీద కణుపును కాచి, మెత్తబడగానే వైసు మధ్య పెట్టి నొక్కి, చల్లారేదాకా ఉంచుతారు. తర్వాత ఒక ఇనుప అచ్చు కావాలి. రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు పక్కపక్కన, వాటి మధ్య 60 డిగ్రీల గాడి. అయిదేసి అంగుళాలకో మర ఉంటుంది. ఆ మరలు తిప్పి గాడి లోతును మొదలు నుంచి కొస దాకా క్రమంగా తగ్గిస్తారు. బద్దను పెచ్చువైపు అడుక్కి వచ్చేలా గాడిలో కూర్చోబెట్టి, చిన్న చిత్రికతో పైన మిగిలినదంతా తోస్తారు. పెచ్చువైపు చిత్రిక తగలనివ్వరు. బలం అక్కడే ఉంది కాబట్టి పైన మెరుపు పొరను మాత్రం గీకి వదిలేస్తారు. చిత్రిక ఇనుప అచ్చును తాకే దాకా తోస్తే బద్ద త్రికోణమవుతుంది. అలాంటివి ఆరు. కర్ర కొసకు వచ్చేసరికి ఒక్కో త్రికోణం ఎత్తు మిల్లీమీటరుకు లోపే. అంత సన్నటి బద్దను కూడా అంగుళంలో వెయ్యో వంతు తేడా రాకుండా తోయాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. వెదురుకు బలహీనమైన చోటు కణుపు. ఆరు బద్దల కణుపులు ఒకే చోట పడితే కర్ర అక్కడే విరుగుతుంది. అందుకని ఒక బద్దను కాస్త పైకి, ఒకదాన్ని కిందికి జరిపి, కణుపులు ఎక్కడా పక్కపక్కన కలవకుండా అమరుస్తారు. వజ్రం లాంటి జిగురు పూసి, దారంతో అడ్డదిడ్డంగా బిగించి చుట్టి ఆరబెడతారు. ఆరాక దారం విప్పి, నునుపు చేసి, ముక్కల్ని కలపటానికి జర్మన్ సిల్వర్ గొట్టాలు తొడిగి, దారం నడిచే రింగుల్ని పట్టు దారంతో కట్టి, పైన వార్నిష్ పూస్తారు. లోపల బోలు లేదు, మెత్తటి భాగం పోయింది, ఆరు వైపులా పెచ్చే. సహజంగా పెరిగిన వెదురుకు ఏ వంపు ఉంటుందో అది ప్రకృతి ఇచ్చింది. ఈ కర్రకు వంపు చేసినవాడు నిర్ణయించింది. మన మేదరి చేట అంచుకు వాడే తెలివికీ దీనికీ మూలం ఒకటే. దాన్ని వెయ్యో వంతు అంగుళం దాకా లెక్కకట్టుకుపోవటం అమెరికన్ల గొప్ప.

ఈ పనిని కుటీరం నుంచి కర్మాగారానికి తెచ్చినవాడు హైరమ్ లెనార్డ్. 1831లో పుట్టాడు. ఇతనూ తుపాకుల పనివాడే. మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్ ఊళ్ళో 1870 ప్రాంతంలో కర్రలు చేయటం మొదలుపెట్టి, కొన్నేళ్ళకే బద్దల్ని త్రికోణంగా కోసే యంత్రం కనిపెట్టాడు. ఆ యంత్రాన్ని తాళం వేసిన గదిలో పెట్టుకునేవాడని ప్రసిద్ధి. 1881లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మకాం మార్చాడు. అతని దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ పేన్, ఫ్రెడ్ థామస్, యూస్టిస్ ఎడ్వర్డ్స్ లాంటివాళ్ళు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. అమెరికాలో పేరుమోసిన వెదురు కర్రల పేర్లు చాలావరకు ఈ ఒక్క కొట్లోంచి పుట్టినవే. ఇంగ్లండులో అప్పుడే ఆల్నిక్ అనే ఊళ్ళో హార్డీ సోదరులు 1872లో వ్యాపారం మొదలుపెట్టారు. పాలకోనా అన్న పేరుతో వాళ్ళు చేసిన వెదురు కర్రలు బ్రిటిషు సామ్రాజ్యమంతా తిరిగాయి.

మన వెదురు ఈ కథలోంచి ఎలా జారిపోయిందో కూడా చెప్పాలి. కలకత్తా కేన్ మీద కాల్చిన మచ్చలుండేవి. మచ్చ పడ్డ చోట పీచు దెబ్బతింటుంది, ఆ బద్ద పనికిరాదు. నూటికి చాలా కర్రలు పక్కన పడేయాల్సి వచ్చేది. అదీకాక కణుపులు ఎత్తుగా ఉండేవి. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి దక్షిణ చైనా నుంచి మరో వెదురు వచ్చింది. వర్తకులు దాన్ని టోంకిన్ కేన్ అన్నారు. నిజానికి అది వియత్నాంలోని టోంకిన్‌ది కాదు, చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం సూయ్ నది లోయలో, చాలా చిన్న ప్రాంతంలో పెరిగేది. నిటారుగా, కణుపులు చదునుగా, పెచ్చు కింద పీచు దట్టంగా ఉంటుంది. కాంటన్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ ఆ లోయకు వెళ్ళి చూసి, 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అంటే అప్పటికి ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వాడుతున్న వెదురుకు అప్పటిదాకా శాస్త్రంలో పేరే లేదు.

ఆ లోయలో జనం వెదురును నరికి, నదిలో దించి, తడి ఇసుకతో రుద్ది నాచు పోగొట్టి, ఎండలో ఆరబెట్టి, మంట మీద కాచి వంపులు తీసేవాళ్ళు. గోదారి పక్కన పుట్టినవాళ్ళకు ఇది చదివితే కొత్తగా అనిపించదు. పాపికొండల మీద నరికిన వెదురు తెప్పలుగా కట్టి గోదారి మీద రాజమండ్రికి దించేవాళ్ళు. అక్కడి కాగితం మిల్లుకు కొంత, డిపోలకు కొంత పోగా, మిగిలింది కాలువల్లో పడవల మీద లంకలకు చేరేది. నీటిలో నానిన వెదురుకు పుచ్చు తక్కువ పడుతుందని పెద్దవాళ్ళు అంటారు. దానికి కారణం ఉంది. పుచ్చు పురుగు కోరుకునేది వెదురులోని పిండి పదార్థాన్ని. నీరు ఆ పిండిని కరిగించి తీసుకుపోతుంది. ఇప్పటికీ కొందరు కొత్త వెదురును కొన్ని వారాలు చెరువులో ముంచి పెట్టేది అందుకే. పున్నమి రోజుల్లో వెదురు నరకకూడదన్న మాటకు కూడా పుచ్చు భయమే మూలం.

1950లో కొరియా యుద్ధం వచ్చింది. చైనాతో వర్తకం మీద అమెరికా నిషేధం పెట్టింది. టోంకిన్ వెదురు ఆగిపోయింది. గోదాముల్లో నిల్వ ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు, మిగతావాళ్ళు మూసేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫైబర్‌గ్లాస్ కర్రలు వచ్చాయి. చవక, అంత సులువుగా విరగవు, తడిసినా పాడవవు. 1970లలో నిషేధం తొలగి వెదురు మళ్ళీ వచ్చేసరికి గ్రాఫైట్ కర్రలు బజారులో దిగాయి. వెదురు కర్రల పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

అవ్వలేదు. దానికి కారణం ఒక ఇంజనీరు. ఎవరెట్ గారిసన్ 1893లో పుట్టాడు. న్యూయార్క్ రైల్వేలో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో కర్రలు చేసేవాడు. వంతెనకు దూలం లెక్క కట్టినట్టే, ఏ అంగుళం దగ్గర ఎంత బరువు పడుతుంది, అక్కడ ఎంత మందం ఉండాలి అని కాగితం మీద లెక్క వేశాడు. అంతకుముందు ఈ కొలతల్ని కుటుంబాల్లో, కొట్లలో రహస్యంగా దాచుకునేవాళ్ళు. గారిసన్ వృద్ధాప్యంలో హోగీ కార్మైకేల్ అనే యువకుడు అతని దగ్గర చేరాడు. ఆ పేరున్న ప్రసిద్ధ స్వరకర్త కొడుకు ఇతను. గారిసన్ 1975లో పోయాడు. 1977లో ఇద్దరి పేరుతో ఒక పుస్తకం వచ్చింది. ఏ పనిముట్టు ఎలా చేసుకోవాలి, ఏ కొలతకు ఎలా తోయాలి, జిగురు ఎంతసేపు ఆరాలి, అన్నీ బొమ్మలతో సహా రాశారు. ఆ పుస్తకం చదివి ఇంటి వెనక గదుల్లో కర్రలు చేయటం నేర్చుకున్నవాళ్ళు అమెరికాలో, యూరప్‌లో వందల్లో తేలారు. ఒక్కో కర్రకు నలభై, యాభై గంటల చేతిపని పడుతుంది. అయినా చేస్తున్నారు.

ఈ కథలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. లెనార్డ్ యంత్రానికి తాళం వేసుకున్నాడు, గారిసన్ తన లెక్క అందరికీ రాసిచ్చాడు. ఒక చేతిపని ఆ రాసుకోవటం వల్లే బతికింది.

మన దగ్గర ఆ పని ఎవరూ చేయలేదు. చేపల గురించి రాసుకున్న పాతకాలపు పుస్తకాలున్నాయి, కాదనను. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని చెరువుల్లో గేలం వేసే విద్య మీదే ఇంకో పుస్తకం. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోని దొరలు, వాళ్ళను చూసి నేర్చుకున్న మనవాళ్ళు కొందరు వాటిని చదివి ఉంటారు. మన ఈకలు కూడా దొరలకు ఎంతో ఇష్టం. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవికోడి మెడ ఈకల మీద కన్నులాంటి మెరిసే మచ్చ ఉంటుంది. సాల్మన్ కోసం కట్టే ఈగల మీద అది లేనిదే అందం లేదని ఇంగ్లండులో అనుకునేవాళ్ళు. దాంతో ఆ కోళ్ళ మీద పెద్ద గండమే వచ్చింది. ఇప్పుడు మన దేశం నుంచి ఆ ఈకల ఎగుమతి నిషిద్ధం. అలా వెదురు మనది, ఈకలు మనవి, కానీ కర్ర ఎలా కుదురుతుందో మనవాళ్ళ నోట విని రాసినవాళ్ళు లేరు.

మన దగ్గర తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా ఊళ్ళో మేదర తాత ఒకాయన దగ్గర కూర్చుని నేను చూసిన పని చెబుతాను. పైన చెప్పుకున్న కొండ వెదురే. కనీసం మూడేళ్ళు ముదిరింది కావాలంటాడాయన. వేలి గోటితో పెచ్చు మీద గీసి చూస్తాడు. గీత పడితే లేత. కర్రను నేల మీద నిలువుగా కొట్టి చప్పుడు వింటాడు. పగులు ఉంటే చప్పుడు బొంగురుగా వస్తుందట. కణుపుల దూరం మొదట్లో పొట్టిగా, నడుము దగ్గర పొడుగ్గా, కొసకు మళ్ళీ తగ్గుతూ రావాలి. కొమ్మలు కొట్టేసిన చోట కత్తితో అంటీ అంటకుండా గీకుతాడు. లోతుగా దిగితే పీచు తెగుతుంది. తర్వాత ఎండిన కొబ్బరి మట్టల మంట. కర్రను మంట మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి పెచ్చు మీద చెమట పట్టినట్టు నూనె తేలి మెరుస్తుంది. అదే అదను. వెంటనే మోకాలి మీద ఆనించి వంపు ఉన్న వైపుకు ఎదురు వంచుతాడు. అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువే వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకుంటాడు. తొందరపడి వదిలితే పాత వంపు మళ్ళీ తిరిగొస్తుంది. చివర తడిగుడ్డతో తుడుస్తాడు. ఆ తర్వాత ఎండ తగలని చోట, వంటింటి అటక మీద పొయ్యి పొగ తగిలేలా కొన్ని నెలలు.

సెంట్రల్ వ్యాలీలో దీపం మంట మీద కణుపు కాచినవాడూ, సూయ్ లోయలో వంపులు తీసినవాడూ, మా మేదర తాతా చేసింది ఒకటే పని. వెదురులోని జిగురులాంటి పదార్థం వేడికి మెత్తబడి, చల్లారితే మళ్ళీ బిగుసుకుంటుంది. ముగ్గురికీ ఎవరూ పాఠం చెప్పలేదు. వెదురే చెప్పింది.

మేదర తాత చేసిన కర్రకు రెండు రకాల పని ఉంది. గొరకలకు, జెల్లలకు, పరిగెలకు కొస సన్నగా ఉన్న తేలికపాటి కర్ర చాలు. బెండు కదలగానే మణికట్టు తిప్పితే చేప గట్టున పడాలి. కొరమేనుకు అది పనికిరాదు. గడ్డి, గుర్రపుడెక్క నిండిన కాలువలో కప్పను గేలానికి గుచ్చి, నీటి పైన ఎగిరెగిరి పడేలా ఆడించాలి. కొరమేను కిందినుంచి దూసుకొచ్చి మింగేసి గడ్డిలోకి లాక్కుపోతుంది. అప్పుడు కర్ర మొదలు గట్టిగా ఉండాలి, నడుము నుంచే చేపను ఎత్తాలి. నీటి మీద ఎర ఆడించే ఈ విద్యను ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ళకు చూపిస్తే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ పూర్వీకులు కూడా గాలికి దారం వదిలి ఈగను నీటి మీద ఆడించేవాళ్ళే. ఇక జపాన్‌లోని వకయామా ప్రాంతంలో, నిలకడ నీళ్ళలో పట్టే ఒక్క చేప కోసమే వెదురు కర్రలు చేసే కుటుంబాలున్నాయి. అంచెలంచెలుగా ఒకదానిలో ఒకటి దూరే ముక్కలు చేసి, లక్క పూత పూసి, ఆ పనిని వాళ్ళ ప్రభుత్వం సంప్రదాయ కళగా గుర్తించేదాకా తెచ్చారు. వాళ్ళకు రీలు లేదు, రింగులు లేవు. మన కర్రలాగే కొసకు దారం ముడేసుకుంటారు. మన కర్రకు ఆరు బద్దల కర్రకన్నా దగ్గర చుట్టం అదే.

ఇప్పుడు అమలాపురంలో, రాజోలులో మడిచి సంచిలో వేసుకునే ఫైబర్ కర్రలు దొరుకుతున్నాయి. వాటి మీద నాకు కోపం లేదు. పిల్లలు వాటితోనైనా గట్టు మీద కూర్చుంటే సంతోషమే. వెదురుకు కూడా మునుపు లేని ఒక వెసులుబాటు వచ్చింది. 1927 నాటి అటవీ చట్టంలో వెదురు చెట్టు కింద లెక్క. సొంత గట్టు మీద పెంచిన వెదురు నరికి తీసుకెళ్ళాలన్నా అనుమతులు కావాల్సి వచ్చేది. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెంచిన వెదురును ఆ లెక్కలోంచి తీసేశారు. శాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతే. కొబ్బరి తోటల సరిహద్దు గట్ల మీద నీరు నిలవని మెరక చోటు చూసి సాధనపు వెదురు పొద ఒకటి రెండు పెంచుకోవచ్చు. కొండ మీద పెరిగినంత గట్టిగా రాకపోవచ్చు గానీ, మొదటి కర్ర చేతికొచ్చేసరికి మేదర తాత లాంటి మనిషి ఊళ్ళో ఉంటే అదే చాలు.

మీ ఇంట్లో, మీ బాబాయి ఇంట్లో, అటక మీదో చూరులోనో పాత గేలం కర్ర ఉందేమో చూడండి. ఉంటే టేపు తీసుకుని పొడవు కొలవండి. మొదలు మందం, నడుము మందం, కొస మందం విడివిడిగా రాయండి. కణుపులెన్ని, ఒక్కోదానికీ మధ్య దూరమెంత, మొదటి నుంచి కొసదాకా వరుసగా రాయండి. మొదలు చేత్తో పట్టుకుని కొసకు పావు కిలో బరువు కట్టి, ఎక్కడినుంచి వంగుతోందో గుర్తు పెట్టండి. ఆ కర్ర ఎవరు చేశారు, వెదురు ఎక్కడినుంచి తెచ్చారు, ఏ చేపకు వాడారు అని పెద్దవాళ్ళను అడగండి. పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు కర్రలన్నీ ఇంట్లోనే ఉంటాయి, ఈ పనికి అప్పుడు తీరిక దొరుకుతుంది. జూన్‌లో నీళ్ళు వదిలేలోగా పూర్తి చేయొచ్చు.